పదిహేను రోజులు గెజిట్‌లో ఉంది, మా వీధిలోకి మాత్రం రాలేదు: ల్యాండ్ యూజ్ మార్పు మీద చర్చ

కొరిటెపాడు వాసి (చర్చ మొదలుపెట్టినవారు) · శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నేను ఉండేది గుంటూరులో. సమస్య మా నాన్నగారి ఊళ్లోది, కోస్తాలోనే ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు, ఆఫీసు పేరు రాయను. ఎవర్నీ బజారుకీడ్చాలని లేదు, పద్ధతి గురించి తెలుసుకోవాలని ఉంది.

మా ఇంటి వీధి చివర ఎకరం ఇరవై సెంట్ల స్థలం. మాస్టర్ ప్లాన్‌లో అది పసుపు రంగు, అంటే నివాస ప్రాంతం. నాన్నగారు 2009లో ఇల్లు కట్టేటప్పుడు ఆ పటం చూసుకునే ముందుకెళ్లారు. పోయిన నెల జేసీబీ దిగింది. ఏం కడుతున్నారని అడిగితే కల్యాణ మండపం అన్నారు. ఇళ్ల మధ్య మండపం ఎలా కుదురుతుందంటే, "జోన్ మారింది, జీవో వచ్చేసింది" అన్నారు.

ఆఫీసుకెళ్లాను. మర్యాదగానే కూర్చోబెట్టి కాయితం చూపించారు. ప్రభుత్వ ప్రకటనలు అచ్చేసే గెజిట్‌లో ముసాయిదా ప్రకటన వచ్చిందట, అభ్యంతరాలకు పదిహేను రోజులు ఇచ్చారట. తుది ఉత్తర్వులో ఒక వాక్యం ఉంది: నిర్ణీత గడువులో ఎలాంటి అభ్యంతరాలూ అందలేదు.

అక్కడే నాకు కాలు నిలవలేదు. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. వాళ్ల అల్లుడు వకీలు, అతను గెజిట్ చూసి చెప్తే, పదకొండో రోజున మాస్టారు రిజిస్టర్ పోస్టులో అభ్యంతరం పంపారు. ఆఫీసు ముద్రతో తిరిగొచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఆయన బీరువాలో ఉంది. నేను కళ్లారా చూశాను.

మండపం వద్దని నా గొడవ కాదు. ఊరికి మండపం కావాలి కూడా. నన్ను నిద్రపోనివ్వనిది ఇంకోటి. ప్లాన్ అమలు చేసేది ఆ ఆఫీసు. మార్చొచ్చని పైకి రాసింది ఆ ఆఫీసు. అభ్యంతరాలు తీసుకున్నది ఆ ఆఫీసు. ఏమీ రాలేదని రాసిందీ ఆ ఆఫీసే. నాలుగు పనులూ ఒకే బల్ల మీద జరిగితే, ఆ కార్డు పట్టుకుని మాస్టారు ఎక్కడికి వెళ్లాలి?

వేదిక నిర్వాహకులు · ఉదయం 8:05

సొంత అనుభవాలు రాసేటప్పుడు ఆఫీసుల పేర్లు, ఉద్యోగుల పేర్లు, సర్వే నంబర్లు పెట్టవద్దు. చట్టాలు, తీర్పులు, అందరికీ తెలిసిన విషయాలు ఎంతైనా రాయండి.

బ్రాడీపేట న్యాయవాది · ఉదయం 9:22

మీరు అడిగింది చాలా పాత ప్రశ్న. ముందు చట్టం సంగతి చెప్తాను.

మన దగ్గర పట్టణ ప్రణాళిక ఒకే చట్టం కింద లేదు. మామూలు మున్సిపాలిటీలకు మద్రాసు కాలం నాటి 1920 టౌన్ ప్లానింగ్ చట్టం. ఉడాలకు (పట్టణాభివృద్ధి సంస్థలకు) 1975 చట్టం ఉండేది, దాని స్థానంలో 2016లో కొత్తది వచ్చింది. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి కలిపి 1978లో పెట్టిన వీజీటీఎం ఉడా పోయి, 2014 చివర్లో సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) వచ్చింది, దానికి దాని చట్టం. సెక్షన్ల నంబర్లు వేరైనా వరుస ఒకటే: ముందు ప్రకటన, తర్వాత అభ్యంతరాలు, వాటిని పరిశీలించడం, ఆ పైన మార్పు.

"పరిశీలించడం" అన్న మాట దగ్గరే అంతా ఆగిపోతుంది. ఎవరు పరిశీలించాలి, ఎలా పరిశీలించినట్టు రాయాలి, కాదంటే కారణం చెప్పాలా అన్నది ఆచరణలో ఫైలు రాసేవాళ్ల ఇష్టానికి వదిలేశారు.

మీరన్న నాలుగు పనులు ఒకే చోట అన్న మాట పైస్థాయిలోనూ నిజమే. సీఆర్‌డీఏకి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. ప్రతిపాదన పంపే సంస్థకు పెద్ద ఎవరో, ఆమోదించే ప్రభుత్వానికి పెద్ద కూడా ఆయనే. ఏ పార్టీ ఉన్నా ఇదే అమరిక, కాబట్టి దీన్ని పార్టీల గొడవ చేయొద్దని మనవి.

రాజ్యాంగం ఇంకోలా అనుకుంది. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలున్నాయి. మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగ నియంత్రణ, భవన నిర్మాణం. 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అయితే ఆ అధికారాలు స్థానిక సంస్థలకు "ఇవ్వవచ్చు" అని శాసనసభలకు వదిలారు. ఇవ్వవచ్చు అన్నచోట ఎంత ఇచ్చారో మనం చూస్తూనే ఉన్నాం.

పటమట టీచర్ · ఉదయం 9:31

అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ముందు జిరాక్సు తీయించి, ఒరిజినల్ బ్యాంకు లాకర్లో పెట్టించండి. మిగతావన్నీ తర్వాత.

పాత టీపీ · ఉదయం 11:10

నేను టౌన్ ప్లానింగ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. లోపలి సంగతి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

స్థలం యజమాని దరఖాస్తు ఇస్తాడు. కింది సిబ్బంది స్థలం చూసి, నాలుగు దిక్కులా ఏముందో రాస్తారు. తూర్పున రోడ్డు, దక్షిణాన ఖాళీ స్థలం, అలా. ఆ ఖాళీ స్థలం వెనక నలభై ఇళ్లున్నా సరే, హద్దుగా ఉన్నది ఖాళీ స్థలమే కాబట్టి నివేదికలో అంతే పడుతుంది. అబద్ధం ఒక్కటీ ఉండదు. చదివిన పై అధికారికి మాత్రం అక్కడ మనుషులే లేరనిపిస్తుంది.

తర్వాత కౌన్సిల్ తీర్మానం. ఎజెండాలో నలభై అంశాలుంటే ఇది ముప్పై ఏడోది. లేదా అసలు ఎజెండాలోనే ఉండదు, సమావేశం రోజు టేబుల్ ఎజెండాగా వస్తుంది. సభ్యుడు చదివేలోపు "ఆమోదించడమైనది". వేరే ఊళ్ల సంగతి ఎందుకు, నేను కూర్చున్న సమావేశాల్లోనే చూశాను. కౌన్సిల్ లేని కాలంలో అదీ లేదు. గుంటూరు నగరానికి 2010 నుంచి 2021 మార్చి ఎన్నికల దాకా ఎన్నికైన పాలకవర్గమే లేదు. విజయవాడలో 2019 నుంచి 2021 దాకా అంతే. ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం చెప్తుంది. కౌన్సిల్ బదులు ప్రభుత్వం పెట్టే ప్రత్యేకాధికారి ఉన్న రోజుల్లో అడిగేవాడు, జవాబు చెప్పేవాడు, తీర్మానం చేసేవాడు అందరూ ఒక్కరే.

ఇంకో సంగతి. పాత జీవోలు తీసి చదవండి. "దరఖాస్తుదారు అభివృద్ధి, మార్పిడి ఛార్జీలు చెల్లించినందున" ముసాయిదా ప్రకటిస్తున్నాం అని కనిపించేవి దొరుకుతాయి. అంటే డబ్బు ముందు జమయింది, అభ్యంతరం అడిగింది తర్వాత. లక్షలు కట్టించుకున్నాక "మీ వీధి వాళ్లు వద్దంటున్నారు, డబ్బు తీసుకెళ్లండి" అని చెప్పే ఆఫీసు నా సర్వీసులో నాకు తగల్లేదు. నేనూ చెప్పలేదు. అది నా మనసులో ముల్లులాగా ఉండిపోయింది.

బెంజ్ సర్కిల్ బిల్డర్ · మధ్యాహ్నం 12:48

రెండో వైపు కూడా వినండి. మేము చిన్న బిల్డర్లం, ఐదంతస్తుల గ్రూప్ హౌస్‌లు కట్టుకుని బతికేవాళ్లం.

మాస్టర్ ప్లాన్ ఒకసారి వేస్తే ఇరవై ఏళ్లు. ఊరు ఇరవై ఏళ్లు ఆగదు. మెయిన్ రోడ్డు వెడల్పయింది, ఇరుపక్కలా షాపులొచ్చాయి, పటంలో మాత్రం పసుపు రంగే. అలాంటి చోట మార్పు అడగడం తప్పా? ఒక ఫైలు కోసం ఏడాదిన్నర తిరిగాను. వడ్డీ నూటికి రెండు రూపాయలు, నెలనెలా. పక్కింటాయన ఒక ఉత్తరం రాస్తే మొత్తం ఆగిపోవాలంటే ఎవరూ ఊళ్లో ఇటుక పెట్టలేరు. ఉత్తరాలు రాసి, తర్వాత "సర్దుబాటు"కి పిలిచేవాళ్లను కూడా చూశాను.

దాచిపెట్టి చేయడం నాకూ నచ్చదు. కానీ వీధిలో ప్రతి ఒక్కరికీ వీటో ఇవ్వమంటే ఒప్పుకోను.

కొరిటెపాడు వాసి · మధ్యాహ్నం 1:15

బిల్డర్ గారూ, వీటో అడగట్లేదండీ. మాస్టారి ఉత్తరం చదివి, "మీరన్న ట్రాఫిక్ ఇబ్బంది ఇదుగో ఈ కారణం వల్ల రాదు" అని రెండు ముక్కలు రాసి, ఆ పైన మార్చినా నేను ఈ చర్చ పెట్టేవాణ్ని కాదు. వచ్చిన ఉత్తరాన్ని రాలేదన్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి పోస్టాఫీసుకి నడిచెళ్లి పంపిన ఉత్తరం అది.

హిల్స్‌బరో గుంటూరోడు · మధ్యాహ్నం 2:03 (ఇక్కడ అర్ధరాత్రి దాటింది)

అరండల్‌పేటలో పుట్టి పెరిగాను, పద్నాలుగేళ్లుగా అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో ఉంటున్నాను. అమెరికా గొప్ప, మనది తక్కువ అని చెప్పడానికి రాయడం లేదు. నేనుండే వాషింగ్టన్ కౌంటీలోనే సరిగ్గా ఈ ప్రశ్న మీద ఒక పెద్ద కేసు జరిగింది, అందుకని.

32 ఎకరాల స్థలం, విడి ఇళ్లకు మాత్రమే కేటాయించిన జోన్. యజమాని మొబైల్ హోమ్ పార్క్ (తరలించగల చిన్న ఇళ్ల కాలనీ) పెట్టుకుంటానన్నాడు, కౌంటీ బోర్డు జోన్ మార్చేసింది. చుట్టుపక్కల వాళ్లు కోర్టుకెళ్లారు. కౌంటీ వాదన ఏమిటంటే, మేం ఎన్నికైనవాళ్లం, జోనింగ్ అంటే చట్టం చేయడం, చట్టసభ నిర్ణయంలో కోర్టు వేలు పెట్టకూడదు అని. 1973లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఫసానో కేసులో ఒప్పుకోలేదు. ఊరంతటికీ వర్తించే నియమం పెడితే అది చట్టం చేయడం. ఒక ఫలానా స్థలానికి ఆ నియమం మారుస్తున్నారంటే, అది ఒకరి దరఖాస్తు మీద తీర్పు చెప్పడం లాంటిది. తీర్పు చెప్పేవాడికి ఉండాల్సిన నియమాలు అక్కడ ఉండాలి. ఇరుపక్షాలకూ వినిపించుకునే హక్కు, నిష్పక్షంగా వినేవాళ్లు, ఒకవైపు వాళ్లతో చాటుమాటు మాటలు లేకపోవడం, ఏం తేల్చారో ఎందుకు తేల్చారో రాసిన రికార్డు. ఎవరు మార్పు కోరుతున్నారో, అది అవసరమని నిరూపించాల్సిన భారం కూడా వాళ్ల మీదే.

ఇప్పుడు ఇక్కడ పట్టణ పరిధిలో ఇలాంటి దరఖాస్తు వస్తే, 100 అడుగుల లోపు స్థలాలున్న వాళ్లకి విచారణకు 20 రోజుల ముందు పోస్టులో నోటీసు పంపాలి. సిబ్బంది నివేదిక విచారణకు ఏడు రోజుల ముందే అందుబాటులో పెట్టాలి. నిర్ణయం నచ్చకపోతే 1979లో పెట్టిన ప్రత్యేక అప్పీలు బోర్డు ఉంది.

కొరిటెపాడు గారు అడిగిన "మాస్టారు ఎక్కడికి వెళ్లాలి" అన్నదానికి ఇక్కడ ఒక చిరునామా ఉంది.

వాంబే కాలనీ అక్క · సాయంత్రం 4:37

అందరూ పెద్దగా చదువుకున్నవాళ్లు, నాకు తెలిసింది రాస్తున్నా. తమ్ముడూ హిల్స్‌బరో, నువ్వు చెప్పిన కేసు మళ్లీ చదువు. అక్కడ ఆగిపోయింది ఎవరి ఇళ్లు? మొబైల్ హోమ్ పార్క్ అంటే పెద్ద ఇల్లు కొనుక్కోలేనివాళ్లు ఉండేదే కదా.

మాకు సెంటు స్థలం ఇస్తామని వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కోర్టుకెళ్తారు. వాళ్ల కాయితంలో "మా వీధిలోకి కూలోళ్లు రావద్దు" అని రాయరు. మాస్టర్ ప్లాన్ అని, నోటీసు అని, సెక్షన్ అని రాస్తారు. ఇరవై రెండేళ్లుగా అద్దె కడుతున్నా. నోటీసు ఇంటికి పంపాలంటున్నారు, ఎవరి ఇంటికి? పక్కన స్థలం ఉన్నోళ్లకే. ఆ స్థలంలో ఇల్లు వస్తుందని ఎదురుచూసే మాకు పేరూ లేదు, చిరునామా కూడా లేదు ఆ జాబితాలో. వినడమంటే ఉన్నోళ్లని వినడమేనా?

మాస్టారికి అన్యాయం జరిగింది, కాదనను. మీరు కట్టే తలుపు ఎవరి ముఖం మీద పడుతుందో కూడా చూసుకోండి.

పటమట టీచర్ · సాయంత్రం 4:50

అక్కా, ఈ మాట నాకు ఇప్పటిదాకా తట్టలేదు.

తుళ్లూరు రైతుబిడ్డ · సాయంత్రం 6:20

అక్క చెప్పిందాని వెనక ఆర్-5 జోన్, అంటే అమరావతిలో పేదల ఇళ్ల కోసం ప్లాన్ మార్చి పెట్టిన జోన్, ఉందని నాకు అర్థమైంది. మా నాన్న రాజధాని కోసం చేసిన భూ సమీకరణలో (పూలింగ్) భూమి ఇచ్చాడు. అందుకని నేను ఒక పక్షమే, ముందే చెప్తున్నా.

జరిగింది జరిగినట్టు పెడతాను. 2022 అక్టోబర్‌లో సీఆర్‌డీఏ చట్టాన్ని సవరించారు. ఎన్నికైన స్థానిక సంస్థ లేనిచోట ప్రత్యేకాధికారి అభిప్రాయంతోనూ ప్లాన్ మార్చుకునే దారి అందులో పెట్టారు. ఆ నెలాఖర్లోనే ముసాయిదా ఇచ్చారు. మందడం, ఐనవోలు, కృష్ణాయపాలెం, నిడమర్రు, కురగల్లు పరిధిలో 900 ఎకరాల పైచిలుకు, అభ్యంతరాలకు 15 రోజులు. 2023 మార్చిలో ఖరారు చేశారు. మేలో పట్టాలిచ్చారు, ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం ఆపింది.

అక్కా, మా ఊళ్లో కూలీలు ఉండకూడదని మా నాన్న ఏనాడూ అనలేదు. పూలింగ్ వల్ల ముందు పని పోయింది కూలీలకే, అది మాకు తెలుసు. ఆయన అడిగింది, "నేను సంతకం పెట్టినప్పుడు చూపించిన పటం ఏది?" అని. పటం చూపించి సంతకం తీసుకున్నాక, సంతకం అలాగే ఉంచి పటం మార్చారు. ఇక్కడ ఇంకా బాధ కలిగించేది, ఇళ్లు వస్తాయని పట్టా పట్టుకుని వచ్చినవాళ్లు కూడా మోసపోయారు. పద్ధతి గట్టిగా ఉండి ఉంటే, ముందే కూర్చోబెట్టి వాళ్లనీ మమ్మల్నీ ఎదురెదురుగా అడిగి ఉంటే, ఇద్దరం కోర్టు మెట్ల మీద ఉండేవాళ్లం కాదు.

వాంబే కాలనీ అక్క · సాయంత్రం 6:41

మీ నాన్నకి పటం చూపించారు. నాకు పట్టా చూపించారు. రెండూ ఒకే ఆఫీసు కాయితాలే. ఇది ఒప్పుకుంటా బాబూ.

హిల్స్‌బరో గుంటూరోడు · రాత్రి 8:12

అక్కా, మీరు అడిగింది న్యాయం. ఇక్కడ కూడా ఆ విచారణల్ని వాడుకుని, అపార్ట్‌మెంట్లు రాకుండా ఆపిన వీధులు చాలా ఉన్నాయి. మీటింగుకి వచ్చేది ఇల్లున్న వయసు మళ్లినవాళ్లు, అద్దెకున్నవాళ్లు డ్యూటీలో ఉంటారు. నా కళ్ల ముందు జరిగింది.

దానికి ఈ రాష్ట్రం చేసిన పని చెప్తాను. 2019లో శాసనసభే చట్టం చేసింది, పెద్ద పట్టణాల్లో విడి ఇళ్ల జోన్లలో కూడా రెండు నుంచి నాలుగు ఇళ్లు కలిపి కట్టుకోవచ్చని. అంటే పేదలకు చోటు అన్న నిర్ణయాన్ని వీధి విచారణకు వదల్లేదు. అందరికీ కలిపి, బహిరంగంగా, సభలో తేల్చారు. ఊరంతా ఒక నియమం అయితే సభలో తేలాలి, ఒక్క స్థలమైతే విచారణలో తేలాలి. గందరగోళమంతా ఒక స్థలం పనిని చట్టం ముసుగులో చేసినప్పుడే.

బ్రాడీపేట న్యాయవాది · రాత్రి 9:05

ఈ గీత మన దేశంలో కొంత వేరుగా గీశారు. 2004లో పుణె కార్పొరేషన్, బిల్డర్ల సంఘం కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమంటే, అభివృద్ధి నియంత్రణ నియమాల తయారీ శాసన స్వభావం ఉన్న పని. చట్టంలో రాసిన పద్ధతి పాటిస్తే చాలు, అంతకు మించి సహజ న్యాయం (నిర్ణయానికి ముందు ఇరుపక్షాల మాటా వినాలన్న సూత్రం) పేరుతో విచారణ అడగలేరు. ప్రభుత్వ న్యాయవాదులు ఒక్క ఎకరం మార్పులో కూడా ఇదే వాదన ఎత్తుకుంటారు. అందుకే మనవాళ్లకి పట్టు దొరికేది "రాసిన పద్ధతి" దగ్గర.

రాసిన పద్ధతి తప్పితే కోర్టులు ఊరుకోలేదు. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు. లేఅవుట్‌లో పార్కుకి వదిలిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశంతో ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇచ్చారు. సుప్రీంకోర్టు కొట్టేసింది. చట్టం ఒక సంస్థకు ఇచ్చిన విచక్షణను పైనుంచి వచ్చిన ఆదేశానికి తలొగ్గి వాడకూడదు, పార్కు కాపాడమని అడిగే హక్కు ఆ ప్రాంతవాసులకు ఉంది అన్నది.

మన ఇంటి పక్కదే ఇంకోటి. 2011లో వీజీటీఎం ఉడా ఎదుటి పక్షంగా ఉన్న కేసు. జోనల్ ప్లాన్‌లో వినోదానికి కేటాయించిన స్థలంలో గుడి కట్టడం మీద. 1975 చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ప్రకటన, అభ్యంతరాల వరుస పాటించకుండా భూ వినియోగం మార్చలేరన్నది సుప్రీంకోర్టు. కట్టేది గుడి కదా అని పద్ధతి మాఫీ చేయలేదు.

కొరిటెపాడు గారూ, మీ దగ్గరున్న అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు బరువు అర్థమైందనుకుంటాను. అభ్యంతరం వచ్చి, రాలేదని రాస్తే, పరిశీలన జరగనట్టే.

సింగ్‌నగర్ 2024 · రాత్రి 10:26

ఈ పేజీ చదువుతూ కూర్చున్నా, రాయకుండా ఉండలేకపోయా.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. పొద్దున లేచేసరికి మెట్ల దగ్గర నీళ్లు, మధ్యాహ్నానికి కింద పోర్షను కిటికీ దాకా. పైపోర్షన్లో మేం పదకొండు మందిమి, పాలు లేవు, కరెంటు లేదు. బుడమేరు వాగు గండ్లు పూడ్చేదాకా రోజుల తరబడి అదే బతుకు. మా ఇంట్లో పెళ్లి ఫొటోల ఆల్బమ్ బురదయిపోయింది, ఇప్పటికీ పారేయలేక అటక మీద పెట్టా.

తర్వాత అందరూ ఒకటే అడిగారు, వాగు దారిలో ఇళ్లెందుకు కట్టుకున్నారని. మాకు రిజిస్ట్రేషన్ చేసిచ్చారు, పన్ను వేశారు, మీటరు ఇచ్చారు. వాగు పక్క ఎంత మేర ఖాళీగా ఉండాలో, ఎప్పుడు ఎవరు ఏ సర్వే నంబరుకు మినహాయింపు ఇచ్చారో మాకెవరైనా చూపించారా? పొలం వెంచర్ అయిన రోజున, వెంచర్ కాలనీ అయిన రోజున, ఎవరో ఎక్కడో ఒక సంతకం పెట్టే ఉంటారు. ఆ సంతకాల వరుస ఒకచోట దొరికితే ఎంత బావుండు. ముంపు వచ్చింది ఒక్క వానకి కాదు, ఆ సంతకాలన్నిటికీ కలిపి వచ్చింది.

మీ వీధి చివర స్థలం పక్కన డ్రైన్ గానీ, కాలవ గానీ ఉందేమో చూశారా కొరిటెపాడు గారూ? మొదట అది చూడండి.

కొరిటెపాడు వాసి · రాత్రి 10:40

ఉందండీ. వెనక పంట బోదె ఉంది. దాన్ని ఎవరూ ప్రస్తావించలేదు, నేనూ రాయలేదు. రేపు కొలిపిస్తాను.

పటమట టీచర్ · ఆదివారం, ఉదయం 6:55

రాత్రి కొన్ని గెజిట్ ప్రకటనలు తీసి చదివాను. ఇంగ్లిష్ పాఠాలు చెప్పే నాకే మూడుసార్లు చదివితే గానీ ఏ స్థలమో బోధపడలేదు. సర్వే నంబరు, దాని కింద ఉప నంబరు, హద్దులు, "పై ప్రణాళికలో చూపిన విధంగా" అని. ఆ ప్రణాళిక జత చేసి లేదు. మన రాష్ట్రంలో అధికార భాషా చట్టం 1966 నాటిది. అభ్యంతరం చెప్పమని అడిగే కాయితం, అభ్యంతరం చెప్పాల్సిన మనిషికి రాని భాషలో ఉంటే అది అడిగినట్టేనా?

ఒక పసుపు బోర్డు చాలు. ఆ స్థలం ముందు, తెలుగులో, నాలుగడుగుల ఎత్తున: "ఈ స్థలాన్ని నివాసం నుంచి వాణిజ్యానికి మార్చమని దరఖాస్తు వచ్చింది. ఫలానా తేదీలోపు ఫలానా చోట చెప్పండి." పాల ప్యాకెట్‌కి వెళ్లేవాళ్లు చూస్తారు, వాంబే కాలనీ అక్క లాంటి అద్దెవాళ్లూ చూస్తారు. స్థలం ఉన్నవాళ్లకే పోస్టులో వెళ్లే నోటీసు కంటే నాకిదే నచ్చింది.

తుళ్లూరు రైతుబిడ్డ · ఉదయం 7:20

దానికి తోడు, 2021 ఆగస్టు నుంచి జీవోలు వెబ్‌సైటులో పెట్టడమే ఆపేశారు, మళ్లీ 2024లో మొదలుపెట్టారు. ఆ మూడేళ్లలో ఏయే స్థలాలు మారాయో ఇంట్లో కూర్చుని తెలుసుకోవడం మామూలు మనిషికి చాలా కష్టమైపోయింది. జీవో అంటే మా బతుకుల మీద రాసిన రాత, దాన్ని చూడ్డానికి కూడా ప్రభుత్వం మారాలా?

బెంజ్ సర్కిల్ బిల్డర్ · ఉదయం 9:48

బోర్డు పెట్టమంటే నేను ఖర్చు పెట్టుకుని పెడతాను. నిజంగా అంటున్నాను. దాచి తెచ్చుకున్న అనుమతి మీద బ్యాంకు లోను తీసుకుని, ఫ్లాట్లు అమ్మాక కోర్టు స్టే వస్తే కొన్నవాళ్లు నా ఇంటి ముందు కూర్చుంటారు. అభ్యంతరాలేవో మొదటి నెలలో తేలిపోతే నాకూ నిద్ర పడుతుంది. నా షరతు ఒక్కటే, జవాబుకి గడువు పెట్టండి. వినాలి, నలభై ఐదు రోజుల్లోనో అరవై రోజుల్లోనో తేల్చాలి, రాసివ్వాలి. డబ్బు కూడా ఆ తర్వాతే కట్టించుకోవాలి. పాత టీపీ గారు రాసింది చదివాక ఇది నా కడుపులో మాట కూడా అనిపించింది.

పాత టీపీ · ఉదయం 11:30

కొరిటెపాడు బాబూ, చేయాల్సిన పని చెప్తాను.

సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలతో వేయండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "నా స్థలం సంగతి ఏమైంది" అని అడగకండి, గుండ్రంగా జవాబొస్తుంది. కాయితాల పేర్లతో అడగండి. ఫైలు నోట్ షీట్ మొదటి పేజీ నుంచి చివరి దాకా. కౌన్సిల్ తీర్మానం, ఆ రోజు ఎజెండా, అది టేబుల్ ఎజెండాగా వచ్చిందా అన్నది. స్థల తనిఖీ నివేదిక. మార్పిడి ఛార్జీల చలానా, దాని తేదీ. అన్నిటికంటే ముఖ్యం, ప్రకటన వచ్చిన రోజు నుంచి ముప్పై రోజుల ఇన్‌వర్డ్ రిజిస్టరు (ఆఫీసుకి వచ్చిన ఉత్తరాలు నమోదు చేసే పుస్తకం) నకలు. మాస్టారి ఉత్తరం తీసుకుని ముద్ర వేశారంటే ఆ పుస్తకంలో నంబరు పడి ఉండాలి. ఫైల్లో లేకపోయినా పుస్తకంలో ఉంటుంది, పుస్తకంలో పేజీ చింపడం అంత తేలిక కాదు.

ఆ చట్టం నాలుగో సెక్షన్ కూడా చూడండి. ప్రజలపై ప్రభావం చూపే నిర్ణయాల వాస్తవాలు తమంతట తాము ప్రకటించాలని, ప్రభావితులకు కారణాలు చెప్పాలని 2005 నుంచే ఉంది. మనం అడిగేవన్నీ కొత్త హక్కులేం కావు.

బ్రాడీపేట న్యాయవాది · మధ్యాహ్నం 12:15

పాత టీపీ గారి జాబితాకి ఒకటి కలుపుతాను. చలానా తేదీ ముసాయిదా కంటే ముందుదైతే ఆ రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి పిటిషన్లో మొదటి అనుబంధంగా వేయండి. నిర్మాణం పిల్లర్ల స్థాయి దాటకముందే వెళ్లాలి. ఆలస్యమైతే "మూడో పక్షం హక్కులు ఏర్పడ్డాయి" అన్న మాట వస్తుంది. ఫీజు గురించి ఆలోచించకండి, ఫోన్ నంబరు విడిగా పంపుతాను.

కొరిటెపాడు వాసి · రాత్రి 9:34

అందరికీ ఒక్కసారే చెప్తున్నాను, పొద్దున్నే బస్సెక్కి ఊరెళ్లొచ్చాను.

బోదె కొలిపించాను. స్థలం అంచు నుంచి టేపుతో తొమ్మిది అడుగులొచ్చింది. ఫొటోలు తీశాను, పక్కన టేపు కనపడేలా. మాస్టారు కార్డు ఇచ్చారు, జిరాక్సులు ఆరు తీయించి ఒరిజినల్ ఆయనకే ఇచ్చేశాను. లాకర్ సంగతి చెప్తే, సోమవారం తన పెన్షన్ బ్యాంకులో అడుగుతానన్నారు. ఆయన ఉత్తరం నకలు కూడా దాచుకున్నారు. తెలుగులో, చేతిరాతతో, రెండు పేజీలు. మండపం వద్దని ఎక్కడా లేదు. వాహనాలు నిలిపే చోటు స్థలం లోపలే చూపించాలని, రాత్రి పది తర్వాత మైకు ఆపాలని, బోదె పూడ్చవద్దని మూడు కోరికలు. ఇంత చిన్న ఉత్తరానికి జవాబు రాయడానికి పావుగంట పట్టేది.

వీధిలో అద్దెకున్నవాళ్లతో కూడా మాట్లాడాను అక్కా, మీరన్నాక. మూడు ఇళ్లలో ఆడవాళ్లు మండపం వస్తే వంట పని దొరుకుతుందన్నారు. అది కూడా రాసుకున్నాను. పిటిషన్లో పెడతాను, దాచను.

సమాచార హక్కు దరఖాస్తు పాత టీపీ గారు చెప్పిన వరుసలోనే రాశాను, ఐదు అంశాలు. సోమవారం పదిన్నరకి గ్రీవెన్స్‌లో ఒకటి, ఇన్‌వర్డ్‌లో ఒకటి ఇస్తాను. రెండింటికీ రశీదు తీసుకుని నంబర్లు ఇక్కడ పెడతాను.